రుమేలీ హిసారీ మెట్ల మీద మా అమ్మని దింపిన ఆవిడకి

ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ జలసంధి ఒడ్డున ఉన్న కోట ఇది, 1452లో సుల్తాన్ రెండో మెహ్మద్ కట్టించాడు, కాన్‌స్టాంటినోపుల్‌కి (అప్పట్లో ఇస్తాంబుల్ పేరు) నల్లసముద్రం వైపు నుంచి వచ్చే ఓడల్ని ఆపడానికి, అంత పెద్ద కోట కొన్ని నెలల్లోనే లేపేశారంటే నమ్మలేం. జలసంధి అక్కడే బాగా ఇరుకుగా ఉంటుంది, అవతల ఆసియా ఒడ్డున అనడోలు హిసారీ అనే ఇంకో కోట ఎదురుగా కనపడుతుంది. మెట్లు మాత్రం బాగా నిటారు, మేం ఎక్కిన చోట పట్టుకోడానికి ఏమీ లేదు.

సగంలో అమ్మకి కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది, పైకీ రాదు కిందకీ రాదు, చేతులు వణుకుతున్నాయి, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తలకి స్కార్ఫ్ కట్టుకున్న ఒక పెద్దావిడ పైనుంచి దిగుతూ ఆగారు. బ్యాగులోంచి నిమ్మ కొలోన్ తీసి అమ్మ అరచేతుల్లో పోసి వాసన చూడమని సైగ చేశారు. తర్వాత ఖాళీగా ఉన్న వైపు తనే నిలబడ్డారు, అమ్మకి కింద లోతు కనపడకుండా!! ప్రతి మెట్టు మీద ముందు తన చెప్పుతో తట్టి చూపించి, అప్పుడు అమ్మ చేత అడుగు వేయించారు, ఆవిడ టర్కిష్‌లో, అమ్మ తెలుగులో మాట్లాడుకుంటూనే దిగారు.

కిందకొచ్చాక గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్వి వెళ్ళిపోయారు, పేరైనా అడగలేదు. అమ్మ ఇప్పుడు దీపం పెట్టినప్పుడల్లా ఆవిడ కోసం కూడా దండం పెట్టుకుంటోంది. పిల్లాపాపలతో చల్లగా ఉండండమ్మా.