విచారణ గురువుల నివాసం, కార్యాలయం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సంఘం పని ఎక్కువగా మన విచారణ (పారిష్, అంటే ఒక కథోలిక దేవాలయం పరిధి) గురువైన ఫాదర్ గారి ఇంటి మీదే సాగింది.

విచారణ గురువు దేవాలయం దగ్గరే, విచారణ ఇంట్లోనే నివసించాలని 1983 నాటి శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం (533వ నిబంధన) చెబుతుంది. దగ్గరలో ఉండటం వేరు, రోజంతా జనం మధ్య ఉండటం వేరు. జ్ఞానస్నాన (బాప్తిస్మ) సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లూ, కన్నీళ్లతో వచ్చినవాళ్లూ ఇన్నాళ్లు ఒకే గదిలో, ఫాదర్ గారి భోజనబల్ల పక్కన కూర్చునేవారు. అది ఎవరికీ న్యాయం కాదు. ముందు గదికి వేరే తలుపు పెట్టించి, దాన్ని పూర్తిగా ఆఫీసుకు ఇచ్చేశాం. మనసు విప్పి మాట్లాడుకోవాల్సిన వాళ్లకు లోపల ఇంకో చిన్న గది ఉంది. ఆఫీసు వేళల బోర్డు పెట్టాం. అవసాన స్థితిలో ఉన్నవారి కోసం వచ్చేవాళ్లకు మాత్రం వేళలు లేవు. ఇంటి గంట ఎప్పటిలాగే ఉంటుంది.

మేం ఎక్కువ శ్రద్ధ పెట్టింది రిజిస్టర్ల మీద. జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు నమోదు చేయాలని శ్రీసభ పీఠాధిపతుల ట్రెంట్ మహాసభ 1563లోనే ఆదేశించింది. మన పాత పుస్తకాలు చెమ్మ పట్టిన గోడ పక్కన ఉండేవి. వాటిని ఆరబెట్టి, ఇనుప బీరువాలోకి మార్చాం. జ్ఞానస్నాన రిజిస్టరు పుట్టిన పిల్లల జాబితా మాత్రమే కాదు. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), వివాహం, గురుపట్టం (గురువుగా అభిషేకం) కూడా ఆ మనిషి పేరు పక్కనే రాయాలి. మనవాళ్లు వేరే విచారణలో పెళ్లి చేసుకుంటే అక్కడి గురువు ఇక్కడికి తెలియజేస్తారు. అలా వచ్చిన ఉత్తరాలు కొన్ని కట్టల్లోనే ఉండిపోయాయి. ఫాదర్ గారు వాటన్నిటినీ రిజిస్టర్లో ఎక్కించారు. పెళ్లికి కొత్తగా తీసిన జ్ఞానస్నాన సర్టిఫికెట్ అడిగేది ఇందుకే. దయచేసి విసుక్కోకండి.

ఇంటి సామాను జాబితా కూడా పూర్తయింది. ఏది విచారణది, ఏది ఫాదర్ గారి సొంతం అనేది రాసి ఉంటే బదిలీ సమయంలో టెన్షన్ ఉండదు. ఒక ప్రతి ఆఫీసులో, ఇంకొకటి మేత్రాసన (డయోసిస్) కార్యాలయంలో ఉన్నాయి. సహాయ గురువుల గది పైకప్పు బాగు చేయించాం. లెక్కలు ఆర్థిక మండలి పరిశీలించింది.

చట్టం ప్రకారం విచారణ గురువు ఏడాదికి ఒక నెల వరకు సెలవు తీసుకోవచ్చు. మన ఫాదర్ గారు తీసుకోలేదు. వచ్చే ఏడాది తప్పక తీసుకోవాలని సంఘం తరఫున కోరాం. ఆ రోజుల్లో పూజలకు మరో గురువును పంపమని మేత్రాణులకు (బిషప్ గారికి) రాస్తాం.

విచారణకు చెందిన పాత కాగితాలు, రసీదులు ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఆఫీసులో ఇవ్వండి.

కార్యదర్శి