కట్టిన జీతానికి పూర్తి పని రాబట్టండి: ఉన్నత విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. అనంతపురంలో చాలాకాలం భూగర్భశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. విశ్వవిద్యాలయాల్లో ఒక్కో విద్యార్థి మీద పెట్టే ఖర్చు డిగ్రీ కళాశాలల కంటే ఎక్కువని, పాఠాలు చెప్పడానికి అంత ఖర్చు దండగని వినిపించే వాదన మీ దాకా వచ్చే ఉంటుంది. ఆ లెక్కలో ఒక పెద్ద పొరపాటు ఉంది. విశ్వవిద్యాలయంలో తయారయ్యేవి రెండు, చదువూ పరిశోధనా. మొత్తం ఖర్చును మాత్రం విద్యార్థుల సంఖ్యతోనే భాగిస్తున్నారు.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలు చూడండి. వారానికి నలభై గంటల పనిలో అసిస్టెంట్ ప్రొఫెసర్ నేరుగా బోధించాల్సింది 16 గంటలు, ప్రొఫెసర్ 14 గంటలు. మిగతా సమయం పాఠాల తయారీకి, పేపర్లు దిద్దడానికి, పరిశోధనకు. అంటే పరిశోధనకయ్యే ఖర్చులో పెద్ద భాగం జీతం రూపంలో ప్రభుత్వం ఇప్పటికే కట్టేస్తోంది. రసాయనాలకు, పరికరాల మరమ్మతుకు మాత్రం డబ్బు లేదంటారు. ఎద్దుల్ని ఏడాదంతా మేపి, సేద్యం రోజున కాడి కొనడానికి వెనకాడినట్లుంది ఇది.

ఖాళీలు నింపకుండా తాత్కాలికంగా తీసుకునే అకడమిక్ కన్సల్టెంట్లతో, గెస్ట్ లెక్చరర్లతో నడిపించడం ఇంకా చవక అనిపించవచ్చు. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. చాలా విభాగాలు వాళ్ల మీదే నిలబడి ఉన్నాయి. కానీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం గైడ్‌గా ఉండాలంటే శాశ్వత అధ్యాపకుడై ఉండాలి. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు పరిశోధకులు చేరవచ్చు. ఒక ప్రొఫెసర్ పోస్టు ఖాళీగా పెడితే ఎనిమిది మందికి తలుపు మూసినట్లే. కేంద్రం ఇచ్చే ప్రాజెక్టులు చాలావాటికి కూడా రెగ్యులర్ ఉద్యోగులే అర్హులు. పైగా ప్రాజెక్టు డబ్బుతో కొన్న యంత్రం సాధారణంగా విభాగానికే మిగులుతుంది, తర్వాత పీజీ విద్యార్థులు దానిమీదే ప్రాక్టికల్స్ చేస్తారు. ఆ రాబడి ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించదు.

మా శాస్త్రంలోనే చూడండి. ఈ జిల్లా నేల కింద గ్రానైట్, నైస్ (చారలుండే గట్టి రాయి) రాళ్లు. వాటిలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. వర్షం తక్కువ, ఆవిరి ఎక్కువ కాబట్టి చాలాచోట్ల అది తాగునీటికి పెట్టిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటుతోంది. ఎమ్మెస్సీ విద్యార్థి తన ఊరి బోరు నుంచి నమూనా తెచ్చి పరీక్షిస్తే అది అతని చదువు, గైడ్ పరిశోధన, ఊరికి పనికొచ్చే సమాచారం కూడా. ఫ్లోరైడ్ కొలిచే మీటరు ఒకటే, ప్రయోగశాల ఒకటే, అధ్యాపకుడి జీతం ఒకటే. ఇదే పనిని బోధనకొక సంస్థ, పరిశోధనకొక సంస్థ పెట్టి చేయిస్తే అన్నీ రెండేసి కొనాలి. అమెరికా విద్యాసంస్థల మీద 1989లో ఆర్థికవేత్త కోన్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం కూడా రెంటినీ కలిపి నడపడంలో ఆదా ఉందనే తేల్చింది.

అయితే ఒక మాట దాచకూడదు. మంచి పరిశోధకుడే మంచి ఉపాధ్యాయుడన్న నమ్మకానికి ఆధారం బలహీనం. 1996లో హాటీ, మార్ష్ అనే విద్యా పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించి చూస్తే ఆ రెంటికీ దాదాపు సంబంధమే కనిపించలేదు. కాబట్టి ఒకచోట పెట్టినంత మాత్రాన ఫలితం రాదు. విద్యార్థిని ప్రయోగశాలలోకి తీసుకెళ్లే ఏర్పాటు పాఠ్యప్రణాళికలోనే ఉండాలి.

బోధన, పరిశోధన, విస్తరణ (ఫలితాలను రైతులకు చేర్చడం) ఒకే సంస్థ చేతిలో ఉంచిన వ్యవసాయ విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలోనే ఉంది. దాని కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 వేరుశనగ ఎన్ని చేలల్లో పండిందో ఇక్కడి రైతులకు తెలుసు. 1968లో పీజీ కేంద్రంగా మొదలై 1981లో విశ్వవిద్యాలయమైన శ్రీకృష్ణదేవరాయకు గానీ, కడప యోగి వేమనకు గానీ, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయానికి గానీ ఆ అవకాశం ఎందుకు ఉండకూడదు?

ముందుగా శాశ్వత పోస్టులు నింపండి. పరికరాల నిర్వహణకు జీతాల పద్దుతో కలవని ప్రత్యేక నిధి పెట్టండి. అనంతపురం చుట్టుపక్కలే జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఖరీదైన యంత్రాలను ఈ మూడూ పంచుకునేలా ఒప్పందం చేయించండి. బ్రిటన్‌లో అధ్యాపకుల సమయాన్ని బట్టి బోధన ఖర్చు, పరిశోధన ఖర్చు విడివిడిగా లెక్కగట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఇక్కడ కూడా అలాంటి లెక్క వేయించి, దాన్ని ప్రజల ముందు పెట్టి, ఆ తర్వాతే వచ్చే ఏడాది బ్లాక్ గ్రాంట్లు (విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం ఇచ్చే మొత్తం నిధులు) ఖరారు చేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
అనంతపురం