ల్యాబ్ మొక్కకు తెగులు రాదని ఎవరన్నారు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో క్లోనింగ్ (ఒక జీవి నుంచి అచ్చం దానిలాంటిదే పుట్టించడం) మీద వచ్చిన అరపేజీ వ్యాసం చూశాను. కోపం కాస్త తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు. అలా పుట్టిన డాలీ గొర్రె ఫొటో అంత పెద్దది వేశారు గానీ, 277 ప్రయత్నాలకు 1996లో దక్కింది ఆ ఒక్క పిల్లే అని ఎక్కడా రాయలేదు. మన కర్నాల్‌లో 2009లో పుట్టిన తొలి క్లోన్ గేదె దూడ వారం తిరక్కుండానే చనిపోయింది. ఆ ఊసూ లేదు. సరే, వదిలేద్దాం.

అరటి దగ్గరే నా పేచీ. తల్లిమొక్క చిన్న ముక్క నుంచి పెంచే టిష్యూకల్చర్ మొక్కలు ల్యాబ్‌లో పెరుగుతాయి కాబట్టి తెగుళ్లే రావట! టిష్యూకల్చర్ కూడా క్లోనింగే కదండీ. తల్లిమొక్కలో వైరస్ ఉంటే, పరీక్ష చేయకపోతే, వేల పిల్లమొక్కలకూ అదే ఆస్తి. హోస్కోటె దగ్గర మా తోటకొచ్చి చూడండి. నిరుడు జీ-9 రకం అరటి అని అంటగట్టిన మొక్కల్లో మొవ్వు దగ్గర ఆకులు పొట్టిగా, సన్నగా, నిటారుగా గుత్తికట్టాయి. గెల మాట మర్చిపోవాల్సిందే. బంచీ టాప్ అనే వైరస్ తెగులు. మందు లేదు, పీకి పారెయ్యడమే. ఈ వైరస్‌ను మోసే పేనుబంక పురుగు వల్ల మీ తోటలోనే అంటుకుందంటాడు నర్సరీవాడు. నాటిన కొద్దిరోజులకే వరసలకు వరసలు అలా అయ్యాయంటే పేనుబంక విమానమెక్కి వచ్చిందా?

కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లోనే ఈ మొక్కలకు ధ్రువీకరణ పద్ధతి తెచ్చింది. వైరస్ పరీక్షలో నెగ్గిన వాటికే లేబుల్. మా మొక్కల ట్రేలకు ఏ లేబులూ లేదు. ఆఫీసుకెళ్లి అడిగితే "ఆన్‌లైన్‌లో పెట్టండి సార్" అన్నారు. పెట్టాను. "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది! మా వీధి గుంతకూ, వెలగని లైటుకూ ఇదే మెసేజ్. ఈ ఊళ్లో సమస్యలన్నీ ఫోన్లలోనే పరిష్కారమైపోతున్నాయి.

అన్నీ ఒకే అచ్చు మొక్కలైతే ఒక్క తెగులు చాలు. అరటి చెట్లను వడలగొట్టే పనామా తెగులు నంజనగూడు రసబాళె అరటిని ఏం చేసిందో మైసూరు రైతుల్ని అడిగి రాయాల్సింది.

వచ్చే ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శన ఉంటుంది. పూలతో కట్టే కోటల పక్కన ఒక చిన్న బల్ల వేసి, అసలు లేబుల్ ఎలా ఉంటుందో, ఎవరి మొక్కలకు ఉంటుందో జనానికి చూపించమని మీరైనా అధికారులకు చెప్పండి. మొక్కలు కొనేవాళ్లం మేమూ అక్కడికి వస్తాం.

— మీ పాత చందాదారు,
కె.ఆర్. పురం, బెంగళూరు