డిస్నీ పాస్ లెక్క

చి.సౌ. శైలజకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి ఎప్పటిలాగే ఉంది, ఎక్కువా కాలేదు, తగ్గనూ లేదు.

మొన్న వీడియో కాల్‌లో "ఈసారి అందరికీ ఫ్లోరిడా డిస్నీ పార్కులకి యాన్యువల్ పాస్‌లు తీసుకుంటున్నాను నాన్నా, మీ ఇద్దరికీ కూడా" అన్నావు. నేను నోరు తెరిచేలోగా పెద్దాడు ఫోన్ లాక్కుని వాడి ఊడిన పన్ను చూపించడం మొదలుపెట్టాడు. ఆ గోలలో లెక్కలు మాట్లాడటం నావల్ల కాదు కాబట్టి రాస్తున్నాను. ముందే చెప్తున్నా, మా ఇద్దరికీ పాస్ వద్దు. మీ సంగతి మాత్రం నిదానంగా చూడాల్సిందే.

బస్టాండులో పాసుల కౌంటర్ దగ్గర సర్వీసంతా వెళ్ళదీసినవాణ్ణి. ఎవరైనా ఏడాదికి ఒకేసారి కట్టించుకుంటామంటే ముందు నాకు అనుమానమే వస్తుంది. మన ఆర్టీసీ క్యాట్ కార్డు గుర్తుందిగా? 250 రూపాయలు కడితే ఏడాది పొడుగునా టికెట్ మీద పది శాతం తగ్గింపు. అంటే 2,500 రూపాయల టికెట్లు కొన్నాకే కట్టిన డబ్బు వెనక్కొచ్చేది, ఆపైన కొన్నదే లాభం. వారం వారం సరుకు కోసం తిరిగే చీరాల బట్టల వ్యాపారికి అది ఇట్టే తీరిపోయేది. ఏడాదికోసారి తిరుపతి పోయే సంసారులు కూడా పక్కవాళ్ళు తీసుకున్నారని కట్టించుకునేవాళ్ళు. వాళ్ళకి నేను చెప్పబోతే "మీ సొమ్మేం పోతుంది మాస్టారూ" అన్నట్టు చూసేవాళ్ళు. ఇప్పుడు నువ్వు కూడా అలాగే చూస్తావేమో, చూసుకో.

నువ్వనే పాస్ గురించి అల్లుడుగారు పంపిన వివరాలన్నీ చదివాను. ఫ్లోరిడాలో కాపురమున్నవాళ్ళకి చవక పాస్‌లున్నాయి, నెలనెలా కట్టుకునే వీలూ వాళ్ళకే. డిస్నీ టైమ్‌షేర్, అంటే ఏటా కొన్నాళ్ళు అక్కడ దిగే హక్కు, కొనుక్కున్నవాళ్ళ దారి వేరు. టెక్సాసులో, ఫ్రిస్కోలో ఉన్న మీలాంటి వాళ్ళకి మిగిలింది ఒక్క ఇంక్రెడి-పాసే. 2021లో మొదలుపెట్టినప్పుడు 1,299 డాలర్లు. 2024 అక్టోబరుకి 1,549, మరుసటి అక్టోబరుకి 1,629. పన్ను వేస్తే 1,730 దాటుతుంది. మీ అయిదుగురికీ తీసుకుంటే ఎనిమిది వేల ఆరొందల పైచిలుకు. విమానం ఎక్కకముందే, హోటల్లో అడుగుపెట్టకముందే.

నీ లెక్క ఏమిటో నాకు తెలుసు. పండగ రోజుల్లో అక్కడి మేజిక్ కింగ్‌డమ్ పార్కుకి ఒక్కరోజు టికెట్ రెండొందల డాలర్ల దాకా పోతుంది కాబట్టి, ఎనిమిది రోజులు తిరిగితే పాస్ డబ్బు వచ్చేసినట్టే. మార్చిలో నాలుగు రోజులు, నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి నాలుగు రోజులు, సరిగ్గా ఎనిమిది. వినడానికి బాగానే ఉంది. కానీ నాలుగు రోజులు తిరిగేవాడు ఒక్కరోజు టికెట్లు నాలుగు కొనడుగా! నాలుగు రోజుల టికెట్ ఒకటే కొంటాడు, దాంట్లో రోజుకి పడే ధర తగ్గుతుంది. పన్నుతో కలిపి మనిషికి 650 అనుకుందాం. రెండు ప్రయాణాలకి 1,300. పాస్‌కి 1,735. తలకి 435 ఎదురు కట్టి పాస్ తీసుకోవాలన్నమాట. పోనీ ప్రయాణం ఇంకో రోజు పొడిగిస్తే గిట్టుతుందేమో అంటే, ఆ అయిదో రోజు టికెట్లో మొదటి రోజులకన్నా బాగా చవగ్గా వస్తుంది. మీరు రోజులు పెంచేకొద్దీ గిట్టుబాటు కూడా ముందుకు జరుగుతూ పోతుంది. ఒక్కరోజు టికెట్‌తో పాస్‌ని భాగించి చూసినవాళ్ళంతా ఇక్కడే బోల్తా పడతారు.

పాస్‌లో ఒకే రోజు నాలుగు పార్కులూ మారే వీలు కలిసి ఉంది, టికెట్‌కి అది విడిగా కొనాలి, అది కూడా లెక్కలో వెయ్యమంటారు అల్లుడుగారు. వెయ్యొచ్చు, వాడుకుంటే. స్ట్రోలర్ తోసుకుంటూ, సంచిలో పాలసీసాలూ గుడ్డలూ పెట్టుకుని, మధ్యాహ్నం బస్సెక్కి ఇంకో పార్కుకి వెళ్ళి మళ్ళీ సెక్యూరిటీ వరసలో నిలబడే ఓపిక మీకుందా? వాడుకోనిదానికి విలువ కట్టకండి.

చంటిదాని విషయం ఇంకా చిత్రం. మూడేళ్ళు నిండనివాళ్ళకి అక్కడ టికెట్టే లేదు. దానికి ఆగస్టులో మూడు నిండుతాయి. మార్చిలో ఉచితంగా తిరిగిన పిల్లకి నవంబరులో టికెట్ కావాలి. టికెట్లో మూడు నుంచి తొమ్మిదేళ్ళవాళ్ళకి కాస్తో కూస్తో తగ్గింపు ఉంది. పాస్‌లో ఆ ముచ్చట లేదు, మూడేళ్ళ పిల్లకీ అల్లుడుగారికీ ఒకటే ధర. మన బస్సుల్లో అరటికెట్ ఇచ్చి ఇచ్చి అలవాటైన చేతికి ఇది అసలు మింగుడుపడలేదు.

ఇక తేదీలు. పాస్ కొన్న రోజు నుంచి కాదు, దాన్ని వాడకంలో పెట్టిన రోజు నుంచి ఏడాది. దగ్గరున్నవాడికి ఇదేం పట్టింపు కాదు. దూరం నుంచి వచ్చేవాడికి అంతా ఇందులోనే ఉంది. మార్చి సెలవులకి మొదలుపెడితే, వచ్చే ఏడు మళ్ళీ అవే సెలవులు వచ్చేసరికి పాస్ గడువు ఒకరోజు అటో ఇటో అయిపోతుంది, మూడో ప్రయాణం చేతికందినట్టే అంది జారిపోతుంది. బడి సెలవులు ఏటా దాదాపు అవే వారాల్లో వస్తాయి కదా. అదే జులై చివర్లో మొదలుపెడితే, మధ్యలో మార్చి సెలవులు, మళ్ళీ జూన్, మూడూ ఏడాదిలోపే పడతాయి. మూడు ప్రయాణాలు నిజంగా చేసేవాళ్ళకి పాస్ గిట్టుతుంది, కాదనను. పైగా జులైలో చంటిదానికి ఇంకా మూడు నిండవు. కాని జులైలో ఫ్లోరిడా అంటే మన మే నెల ఎండ, సాయంత్రమయ్యేసరికి ఉరుములు. పిడుగులు పడుతుంటే బయటి రైడ్లు ఆపేస్తారు. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం కూడా. 2024 అక్టోబరులో మిల్టన్ తుపానుకి పార్కులు మూసేశారు. ఊళ్ళో ఉన్నవాడైతే మరోవారం వెళ్తాడు, ఫ్రిస్కో నుంచి వచ్చినవాడు హోటల్ కిటికీలోంచి వాన చూస్తాడు. బాపట్లవాళ్ళకి తుపాను గురించి నేను చెప్పాలా.

పెద్దాడికి బడి మాన్పించి మధ్యలో వెళ్తామంటావేమో. టెక్సాసులో నూటికి తొంభై రోజుల హాజరు ఉండాలంటారుగా. రెండో తరగతికే ఏం కొంప మునగదు, నిజమే. కాని అల్లుడుగారి సెలవులు మాత్రం లెక్కే. పాస్ చేతిలో ఉంటే "కట్టేశాంగా, పోదాం పద" అని ఏడాది సెలవులన్నీ ఆ డిస్నీ ఉన్న ఆర్లండోకే పోతాయి. సంక్రాంతికి మీరు వచ్చి ఎన్నాళ్ళయిందో నేను అనను, మీ అమ్మ అంటుంది.

పాస్‌లో నాకు నచ్చిన సంగతీ ఒకటుంది, దాచను. టికెట్‌తో వెళ్తే రోజుకి నూటయాభై పైన పోశామని, పిల్లలు నిద్రకి తూలుతున్నా రాత్రి బాణసంచా దాకా ఈడ్చుకుంటూ తిరుగుతాం. పాస్ ఉంటే పొద్దున రెండు గంటలు తిరిగి, మధ్యాహ్నం గదికొచ్చి పడుకుని, ఓపికుంటే సాయంత్రం వెళ్ళొచ్చు. అసలు సుఖం ఆ తిరుగుళ్ళలోనే ఉంది. అయితే ఆ సుఖం పది రోజులు తీరుబాటుగా ఉండేవాళ్ళది. నాలుగు రోజులకి వెళ్ళేవాళ్ళు పాస్‌తో వెళ్ళినా టికెట్ మనుషుల్లాగే పరుగులు పెడతారు. మీ ఫ్రిస్కోలోనే డిస్నీకి పోటీ కంపెనీ యూనివర్సల్ వాళ్ళు చిన్నపిల్లల పార్కు పెడుతున్నారుగా, పాస్ అనే సరదా అక్కడ తీర్చుకోండి. శనివారం సాయంత్రం ఓ గంట తిరిగి, ఇంటికొచ్చి అన్నం తినొచ్చు.

ఏడాది పాస్ తీసుకుంటే అన్నీ అందులోనే వస్తాయని కూడా అనుకోవద్దు. వరస తప్పించుకునే లైట్నింగ్ లేన్‌కి మళ్ళీ డబ్బు. నీళ్ళ పార్కులు విడి. హాలోవీన్‌కి, క్రిస్మస్‌కి మేజిక్ కింగ్‌డమ్‌లో రాత్రి పార్టీలుంటాయి, వాటికి వేరే టికెట్. ఆ రోజుల్లో సాయంత్రం ఆరింటికల్లా పాస్ ఉన్నవాణ్ణి కూడా బయటికి పంపేస్తారు. పైగా పాస్ ఉన్నవాళ్ళు ఏడాదిలో చాలా రోజుల్లో, పార్కులోకి వెళ్ళాలంటే ముందుగా రిజర్వేషన్ పెట్టుకోవాలి. తేదీ వేసిన మామూలు టికెట్‌కి 2024 జనవరి నుంచి ఆ బెడద తీసేశారు. ఎక్కువ డబ్బు కట్టినవాడికే ఎక్కువ పని, ఇదేం పద్ధతో.

మా ఇద్దరి మాటకొస్తే, ఇమిగ్రేషన్ వాళ్ళు మాకు ఇచ్చేది మామూలుగా ఆరు నెలలు. మిగతా ఆరు నెలలు పాస్ అమెరికాలో, మేం బాపట్లలో. ఒకరిది ఇంకొకరికి ఇచ్చే వీల్లేదు, గేటు దగ్గర వేలిముద్ర అడుగుతారు. పోయినసారి యానిమల్ కింగ్‌డమ్‌లో మీరంతా ఆ ఎవరెస్టు రైడ్ ఎక్కితే నేను కింద ఆనందపూర్‌లో బల్ల మీద కూర్చున్నాను చూడు, ఆ ఊరు మాత్రం నాకు బాగా నచ్చింది. లేని ఊరిని మనవైపు ఊరిలా కట్టి, గోడల రంగు వెలిసిపోయినట్టు, పోస్టర్లు చినిగినట్టు పనిగట్టుకుని చేశారు. కొత్త గోడకి పాతరంగు పుయ్యడానికి ఎంత ఖర్చయి ఉంటుందో! మన బస్టాండుకైతే ఊరికే వచ్చింది. అదంతా ఒకసారి చూశాం, చాలు. మళ్ళీ వస్తే మాకు ఒకటో రెండో రోజుల టికెట్ తియ్యి. మిగతా రోజులు నేనూ మీ అమ్మా టికెట్ అక్కర్లేని చోట్ల తిరుగుతాం. ఆ తీగల మీద పోయే స్కైలైనర్ ఊరికే ఎక్కొచ్చు, మోనోరైలూ అంతే, డిస్నీ స్ప్రింగ్స్‌లో బండి పెట్టడానికీ డబ్బు లేదు.

మరి ఏం చెయ్యాలి అంటావా. అయిదు పాస్‌లు మాత్రం వద్దు. రెండు ప్రయాణాలూ ఖాయమై, విమానం టికెట్లు కూడా తీసేశాక, అల్లుడుగారి ఒక్కరి పేరున పాస్ తీసుకునే ఆలోచన చెయ్యొచ్చు. ఆయన పాస్ మీద కారు పార్కింగ్ ఉచితం, రోజుకి ముప్ఫైకి తక్కువ లేదు కాబట్టి ఎనిమిది రోజులకి 240. బొమ్మలూ చొక్కాలూ ఎలాగూ కొంటారు, వాటి మీద ఇరవై శాతం దాకా తగ్గింపు. మూడొందలవి కొంటే అరవై మిగులుతుంది. కొన్ని హోటళ్ళలో భోజనం మీద పది శాతం. ఇవన్నీ కలిపినా ఆ 435 పూర్తిగా పూడదు, వందకి అటూ ఇటూ తేడా ఉంటుంది. పాస్ ఉన్నవాళ్ళకి గది అద్దెలో అప్పుడప్పుడు ఇచ్చే తగ్గింపు మీ తేదీలకి దొరికితే అది పూడి, పైన కాస్త మిగలొచ్చు. ముందు గది ధర చూసి, తరవాత పాస్ కొనమను. ఇంకో మాట, డిస్నీ హోటల్లోనే దిగితే పార్కుల్లో పార్కింగ్ ఎలాగూ ఉచితమే, అప్పుడు ఆ 240 లెక్కలోంచి ఎగిరిపోతుంది. బయట దిగేవాళ్ళకే ఈ ఒక్క పాస్ ఉపాయం.

ఒకటి మాత్రం అల్లుడుగారిని గట్టిగా అడుగు. నవంబరులో కొత్త ఎపిక్ యూనివర్స్ పార్కుకి రెండు రోజులు పోదామని ఆయనే అన్నారని పెద్దాడు నాకు చెప్పాడు. అది యూనివర్సల్ వాళ్ళది, 2025 మేలో తెరిచారు, డిస్నీ పాస్ అక్కడ పనికిరాదు. వాడికి రాకెట్ల పిచ్చి కాబట్టి కెన్నెడీ స్పేస్ సెంటర్‌కి ఇంకో రోజు పోతుంది. అలా చూస్తే నవంబరులో డిస్నీకి మిగిలేది ఒక్కరోజే. ఆ ఒక్కరోజు కోసం ఏడాది పాసా? ఎపిక్ ఖాయమైతే ఆ ఒక్క పాస్ కూడా వద్దు, అందరికీ టికెట్లే.

మీ అమ్మ పక్కనే ఉండి ఇదంతా ఎందుకు, సనా హోటల్ సంగతి రాయమంటోంది. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో, కిటికీ అవతల జిరాఫీలు తిరుగుతుంటే నాన్లూ, మామిడి చట్నీ, వెల్లుల్లి పచ్చడి, రైతా వరసగా పెట్టారే, అక్కడికి. పచ్చడిలో ఉప్పు చాల్లేదని అప్పుడు వంక పెట్టింది, ఇప్పుడు మళ్ళీ అక్కడికే వెళ్ళాలట. దానికి పార్కు టికెట్ అక్కర్లేదు గాని టేబుల్ ముందే చెప్పి ఉంచుకోవాలి, అరవై రోజుల ముందు నుంచి ఇస్తారు. తేదీలు తేలగానే ముందు ఆ పని చూడు.

అల్లుడుగారికి మా ఆశీస్సులు, పిల్లలకి ముద్దులు.

మీ నాన్న