ఖాళీ గుండిగల లెక్క

కావలి,
ఆదివారం పొద్దున

చిన్నోడా,

ఎట్టుండావు? ఇక్కడ అందరం బాగున్నాం. జేజి మోకాళ్లు మామూలే. మీ నాయన తుమ్మలపెంటకి బండేసుకొని పోయి వంజరం తెచ్చినాడు. పులుసు పెడితే ముక్క ముక్కకీ నీ పేరే.

నీ ఫోనొచ్చి పంతొమ్మిది రోజులైంది. లెక్కపెట్టలేదులే, గోడమీద క్యాలెండరు కనిపిస్తా ఉంటుంది కదా. నువ్వు రాత్రి రెండింటిదాకా ఆఫీసులోనే ఉంటున్నావనీ, ఉద్యోగం మానేస్తానన్నావనీ పిన్ని వాళ్ల అబ్బయ్య చెప్పి పోయినాడు. వాడి మాటలు వాడివి. అది అడగడానికి రాయడంలేదు. నీ ఆఖరి మెసేజికి జవాబు బాకీ ఉండాది, అందుకు.

గెస్టులో (పెట్టె లోపల నడిచే వర్చువల్ మెషీన్, ఉత్తుత్తి కంప్యూటరు) చూస్తే మెమొరీ ఏడు జీబీ ఖాళీ అంటోంది, హోస్టులో (దాన్ని మోసే అసలు పెట్టె) చూస్తే అంతా నిండిపోయింది, ఏది అబద్ధం అని అడిగినావు. రెండూ నిజమే. వర్చువల్ మెషీన్‌కి 12 జీబీ అని రాసిస్తే హోస్టు లినక్స్‌లో మెషీన్లకి ఆసరా ఇచ్చే కేవీఎం ఆ 12 ఒక్కసారే తీసివ్వదు. గెస్టు ఏ పేజీని, అంటే మెమొరీలో ఏ చిన్న ముక్కని, మొదటిసారి తాకితే దానికి హోస్టు అప్పుడు చోటిస్తుంది. అందుకే మొదటిరోజు అంతా చల్లగా కనిపిస్తుంది. తర్వాత గెస్టులోని లినక్స్ చదివిన ప్రతి ఫైలునూ, మళ్లీ అడిగితే చప్పున ఇవ్వడానికి, మెమొరీలోనే కాషే అనే చోట దాచుకుంటా పోతుంది. బ్యాకప్ ఒక్కసారి నడిచిందంటే చాలు, 12 జీబీలో తాకని పేజీ దాదాపు మిగలదు. ఆ తర్వాత గెస్టు వాటిని వదిలేసినా, వదిలేసినట్టు తన పుస్తకంలోనే రాసుకుంటుంది. హోస్టుకి ఆ కబురు పోదు. ఖాళీ అయిన సంగతి బయటికి చెప్పే అలవాటు దానికి లేదు. కొందరిలాగే.

శీనుమామ బిట్రగుంట పెళ్లికి గుండిగలు అద్దెకి పంపిన సంగతి గుర్తుందా? నలభై పోయినాయి. రాత్రికే భోజనాలు అయిపోయి, కడిగి వేపచెట్టు కింద బోర్లించినారు. మామ పుస్తకంలో మాత్రం 'బయట నలభై' అనే ఉండాది. మర్నాడు అల్లూరు గృహప్రవేశం వాళ్లొస్తే లేవు పొమ్మన్నాడు. ఎవరిదీ తప్పు కాదు, ఖాళీ అయినాయని చెప్పే దిక్కు లేదు, అంతే. దాని మీద అత్త ఎంత రభస చేసిందో తెలుసుగా. అప్పటినుంచి సామానుతో పాటు పోలయ్యని పంపడం మొదలుపెట్టినాడు. పోలయ్య పెళ్లింట్లో కూర్చొని, ఖాళీ అయినవి తన పక్కకి లాక్కొని మామకి ఫోన్ చేస్తాడు. బెలూన్ డ్రైవరు చేసేది అచ్చం ఇదే. గెస్టు లోపలే ఉండి మెమొరీ అడిగి తన కింద పెట్టుకొని, ఈ పేజీలు నువ్వు తీసుకోవచ్చు అని హోస్టుకి చెబుతుంది. వీఎంవేర్ కంపెనీవాళ్లు 2002 నాటికే ఈ పద్ధతిని పేపర్‌గా రాసినారు. కానీ పోలయ్య ఒకసారి పంక్తి లేవకముందే రసం గుండిగ లాగేసినాడు. నువ్వూ 12 నుంచి ఒక్క దెబ్బకి 4కి తగ్గించినావంటే అదే గతి, లోపల డేటాబేస్‌ని ఓఓఎం కిల్లర్, అంటే మెమొరీ చాలనప్పుడు ప్రోగ్రాముల్ని ఆపేసే లినక్స్ కాపలాదారు, చంపేస్తుంది. హోస్టులో మెషీన్లని నడిపించే కమాండు విర్ష్ సెట్‌మెమ్‌తో అరజీబీ అరజీబీగా దిగు, ప్రతిసారీ గెస్టులో ఫ్రీ కాదు, కాషేలోంచి తిరిగి దొరికేది కూడా కలిపే అవైలబుల్ అంకె చూడు. ఎవరూ చెప్పకుండా కేవీఎం తనంతట తాను బెలూన్ ఊదదు, అది గుర్తుపెట్టుకో.

నీకు నేను చెప్పేది అంతకంటే సుఖమైనది, ఫ్రీ పేజ్ రిపోర్టింగ్. పెళ్లివాళ్లే కడిగిన గిన్నెలు కట్టగట్టి ఫోన్ చేసినట్టు, గెస్టే తన ఖాళీ పేజీలు హోస్టుకి చెబుతుంది. గెస్టులో లినక్స్ 5.7, హోస్టులో ఒక్కో మెషీనునీ నడిపే ప్రోగ్రాము క్యూఎము 5.1, లేదా అంతకన్నా కొత్తవి ఉండాలి. మెషీను వివరాలుండే ఫైలు, డొమైన్ ఎక్స్‌ఎంఎల్‌లో మెమ్‌బెలూన్ వరసలో ఫ్రీపేజ్‌రిపోర్టింగ్ ఆన్ అని పెట్టు. పెట్టినాక గెస్టులోంచి రీబూట్ కొట్టి ఊరుకోవద్దు. రీబూట్‌కి పాత క్యూఎము ప్రాసెసే ఉంటుంది, కొత్త మాట దానికి తెలియదు, పట్టుకున్న మెమొరీనీ వదలదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చెయ్యి. చిన్న ముక్కల్ని అది పట్టించుకోదు, మామూలుగా 2 ఎంబీ కట్టలే లెక్క, కాబట్టి చిల్లర మిగిలిపోతుంది. కాషే మాత్రం ఖాళీ కింద లెక్క కాదు. డ్రాప్ కాషెస్‌ అనే గెస్టు ఫైల్లోకి 3 రాస్తే వదులుతుంది, ముందు సింక్ కొట్టు, రాయాల్సింది డిస్కుకి పోతుంది. రిపోర్టింగ్ లేకుండా కాషే ఒక్కటే దులిపితే గెస్టు తేలికపడుతుందే గానీ హోస్టుకి పైసా దక్కదు. నువ్వు చేసింది అదేనని నా అనుమానం. గ్రాఫిక్స్ లాంటి పీసీఐ కార్డు నేరుగా ఇచ్చిన మెషీనుకి ఈ వైద్యాలేవీ పనిచేయవు, దాని మెమొరీ మొత్తం మేకు కొట్టినట్టు పట్టేసి ఉంటుంది.

అసలు తప్పు మొదట్లోనే ఉండాది. 32 జీబీ పెట్టెలో మూడు మెషీన్లకి 12 చొప్పున 36 రాసిచ్చినావు. అందరూ ఒకేసారి తినరులే అనుకుంటాం, బ్యాకప్ మూడింటికీ ఒకే వేళకి పెట్టుకుంటాం, హోస్టులో మెమొరీ చాలకుండా పోతుంది. అప్పుడు ఓఓఎం కిల్లర్ ఎక్కువ తింటున్న ప్రాసెస్‌నే పట్టుకుంటుంది, అది నీ క్యూఎమునే. హోస్టుకి 4 ఉంచి మెషీనుకి 8 చొప్పున ఇయ్యి. ఒక్కో క్యూఎముకి పైన కొన్ని వందల ఎంబీ అవుతుంది, మిగిలిన నాలుగులో సర్దుకుంటుంది. బ్యాకప్ వేళలు గంట గంట ఎడం చెయ్యి. ఈ మాత్రానికి ఉద్యోగం మానేస్తారా ఎవరైనా? అడగకూడదనుకున్నా, అడిగేసినాను. మీ పై ఆఫీసరు నలుగురిలో అరిచినాడని కూడా విన్నా. ముందు హోస్టు లినక్స్ రాసుకునే చిట్టా, డీమెసేజ్‌లో ఏ ప్రాసెస్ ఎన్ని గంటలకి చచ్చిందో చూసి, ఆ కాగితం చేతిలో పెట్టుకొని మాట్లాడు.

రెండింటిదాకా కూర్చుంటే కళ్లు పోతాయి. మజ్జిగ తాగు. ఏసీ గాలి నేరుగా మెడ మీద పడనీయకు, నీకు చిన్నప్పటినుంచీ పడదు. కందిపొడి, గోంగూర బుధవారం బస్సులో వేస్తాను. పార్శిల్ ఆఫీసు ఎనిమిదింటికి మూసేస్తారు, మర్చిపోతే గోంగూర అక్కడే ఊరుతుంది.

విర్ష్ డొమ్‌మెమ్‌స్టాట్ కొట్టి, ఆర్ఎస్ఎస్ (హోస్టు ఇచ్చినది), యూసబుల్ (గెస్టు వాడుకోగలిగేది) అంకెలు రెండూ నాకు పంపు. ఫోన్ చేస్తే ఇంకా మేలు. తొమ్మిదికి జేజి పడుకుంటుంది, ఆలోపు.

అమ్మ

పోయినసారి పంపిన స్టీలు డబ్బాలు నాలుగూ నీ దగ్గరే ఉండాయి. ఖాళీ అయ్యుంటే చెప్పు.