ఖాళీగా ఉంటుందని రాసుకున్నారు

సంపాదకుల వారికి,

మొన్న మా వీధికి సర్వేకి వచ్చిన కుర్రాడు "మీరేం చేస్తారమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా అబ్బాయి "అమ్మ ఇంట్లో ఖాళీగానే ఉంటుంది" అనేశాడు. అదే రాసుకున్నారు. అప్పుడు నా ఒళ్లో వాలుగ చేప దవడ, సగం దువ్విన పత్తి ఉన్నాయి.

ఆ దవడకి సన్నటి పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. గింజ తీయకముందే దానితో దువ్వితే నలుసులు రాలి, పోగులు వరసకొస్తాయి. ఆ తర్వాత గింజ తీసి, ఏకులు చుట్టి, అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం మీద వడుకుతాం. 100 కౌంటు నూలు, అంటే చాలా సన్నటిది. గట్టిగా గాలి వీస్తే తెగుతుందని ఫ్యాన్ కూడా వేసుకోను. కరెంటు బిల్లు చూసి మావాడు మెచ్చుకునేది దానికే!

ఆమధ్య ఓ పెళ్లిలో ఒక పెద్దాయన మా పొందూరు ఖద్దరు పంచె కట్టుకొచ్చారు. నేసినవాళ్ల చేయి బంగారమని అందరూ మురిసిపోయారు. నిజమే. నూలు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. పప్పు వడ్డిస్తున్న నాకు ఆ అంచు ఒక్కసారి పట్టుకు చూడాలనిపించింది. చూడలేదు.

మావాడి మీద కోపం లేదు. ఎవరడిగినా "ఏదో రెండు చిలపల నూలు వడుకుతాను" అనేది నేనే కదా.

సర్వేలకి వచ్చేవారు ఎవరి పని గురించి వాళ్లనే అడగాలని మనవి. సాయంత్రం పక్క వీధికి వెళ్లి ఆ కుర్రాణ్ని పట్టుకుని, నా వివరం మార్పించుకున్నాను. వాళ్ల జాబితాలో వడకడం లేదట, 'చేతిపని' అని పెట్టాడు.

- నూలు వడికే ఒక మహిళ,
పొందూరు, శ్రీకాకుళం జిల్లా