300 హార్స్‌పవర్ అనగానే నాలుగు చక్రాలూ లాగాలా?

సంపాదకులకు,

మీ ఆదివారం వాహనాల పేజీలో ‘300 హార్స్‌పవర్ దాటిన ప్రాజెక్ట్ కారుకు ఆల్ వీల్ డ్రైవ్ తప్పదు’ అని తేల్చేశారు. ఇలా యజమానులు తమకు నచ్చినట్టు మార్చుకునే కార్ల మీద పనిచేసేవాళ్లుగా మేం ఒప్పుకోలేం. ఎంత పవర్ ఉందని కాదు, దాన్ని ఏ వేగం దగ్గర రోడ్డు మీద పెడతారని అడగాలి.

1,300 కిలోల కారు, అందులో 62 శాతం బరువు ముందు చక్రాల మీద ఉందనుకోండి. అంటే దాదాపు 800 కిలోలు. యాక్సిలరేటర్ నొక్కిపెట్టగానే అందులో 130 కిలోల దాకా వెనక్కి వాలిపోతుంది. పొడి తారు మీద మంచి టైరు తన మీద పడ్డ బరువంత బలంతో పట్టుకుంటుంది. ఆ పట్టంతా వాడేయడానికి చక్రాల దగ్గర 40 కి.మీ. వేగంలో 100 హార్స్‌పవర్ సరిపోతుంది, 60లో 150, 100లో 250. అంతకు మించి ఇస్తే టైర్లు జారి పొగే. 300 ఉన్న కారు 120 దాటేదాకా పూర్తి యాక్సిలరేటర్ తీసుకోదన్నమాట. నాలుగు చక్రాలూ లాగితే 60 దగ్గరే 285 దాకా దిగుతుంది. నిలబడ్డ చోటు నుంచి డ్రాగ్ కొట్టాలన్నా, వానలో తోలాలన్నా ఆల్ వీల్‌కి తిరుగులేదు. మూడో గేరు కిందికి అరుదుగా దిగే ట్రాక్ కారుకైతే ఆ లాభం చాలావరకు కరిగిపోతుంది. 75 నుంచి 100 కిలోల అదనపు బరువు మాత్రం మిగులుతుంది. బ్రేక్ తొక్కినప్పుడు వెనక చక్రాలకు పవర్ మోసుకెళ్లే షాఫ్ట్ ఏ సాయమూ చేయదు.

ఫోర్డ్ ఫోకస్ ఆర్ఎస్ 2009లో ముందు చక్రాలతోనే 305 హార్స్‌పవర్ లాగింది, మరుసటి ఏడాది ఆర్ఎస్500 రూపంలో 350. తర్వాతి తరం అదే 350కి నాలుగు చక్రాలు పెట్టింది. మన దేశానికి 2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా ఆర్ఎస్ రెండూ 265తో ముందు చక్రాల బళ్లే.

మీ వ్యాసం ‘వెనక్కి ఒక షాఫ్ట్ వేయించుకుంటే చాలు’ అన్న చోటే అసలు చిక్కు. పాత ఆక్టేవియా 1.8 టీఎస్ఐనే తీసుకోండి. దాని ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) 250 ఎన్ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్ వరకే అని కంపెనీయే కట్టడి చేసింది. ఆల్ వీల్ చేయాలంటే గేర్‌బాక్స్ మారాలి, దానికి పక్కన పవర్‌ని వెనక్కి మళ్లించే బెవెల్ బాక్స్ తగలాలి. వెనక సబ్‌ఫ్రేమ్ (చక్రాల భాగాలను మోసే చట్రం), డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ పవర్ పంచే గేర్లు), హబ్‌లు, షాఫ్ట్‌కి దారి వదిలే పెట్రోల్ ట్యాంకు, పక్కకు జరిగిన ఎగ్జాస్ట్, వీటన్నిటినీ గుర్తుపట్టే కంట్రోల్ మాడ్యూల్ కోడింగ్ కూడా కావాలి. వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే అడ్డ దూలం) ఉన్న బండైతే ఆ ఆలోచనే మానుకోండి. దీనికన్నా పుట్టుకతోనే ఆల్ వీల్ అయిన బండిని కొనడం చవక.

ముందు చక్రాలతోనే ఉండేవాళ్లు డబ్బు ముందుగా టైర్లకు, తర్వాత లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌కి (ఒక చక్రం జారినా రెండోదానికి పవర్ అందించే రకం) పెట్టాలి. అందులో గేర్లతో పనిచేసే హెలికల్ రకం రోజువారీ బండికి హాయి. కానీ ఒక చక్రం గాల్లోకి లేచిందా, దాని పని దాదాపు ఆగిపోతుంది. క్లచ్ ప్లేట్ల రకం అప్పుడూ లాగుతుంది, కాకపోతే స్టీరింగ్‌ను గుంజుతుంది, నూనె తరచూ మార్చాలి. వీటిని బిగించాలంటే చాలా గేర్‌బాక్సుల్లో క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌ను తిప్పే పెద్ద గేరు) రివెట్లు తొలిచి బోల్టులు వేయాలి. గేర్‌బాక్స్ ఎలాగూ విప్పారు కాబట్టి బేరింగులు కూడా కొత్తవే వేసి, షిమ్ (సందు సరిచేసే పలుచని రింగు) కొలిచి ప్రీలోడ్ (బేరింగుల బిగువు) సరిచూడాలి. పాత బేరింగులే మళ్లీ కొట్టి పంపితే కొన్నాళ్లకు గేర్‌బాక్స్ కూయడం మొదలుపెడుతుంది. బయలుదేరేటప్పుడు ముందు భాగం డబడబా ఎగిరితే ముందు చూడాల్సింది ఇంజిన్ ఊగకుండా కింద పట్టి ఉంచే డాగ్‌బోన్ మౌంట్ బుష్. దాన్ని వదిలేస్తే సీవీ జాయింట్లు (చక్రాలకు పవర్ అందించే కీళ్లు) పోతాయి. అందం కోసం 10, 15 మిల్లీమీటర్ల స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) ముందు వేయకండి, స్టీరింగ్ గుంజుడు ఇంకా పెరుగుతుంది. ఒకటి, రెండు గేర్లలో బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) తగ్గించి ఇంజిన్ కంప్యూటర్‌ను మ్యాప్ చేయించడం అన్నిటికన్నా తక్కువ ఖర్చు. ఎందుకో చాలామంది దాన్ని అవమానంగా భావిస్తారు.

ఆల్ వీల్ కొన్నవాళ్లకూ ఒక మాట. ముందు చక్రాల బండిలో టైరు జారడమే ఫ్యూజు. నాలుగూ పట్టుకుంటే ఆ దెబ్బ క్లచ్, బెవెల్ గేర్, షాఫ్ట్‌ల మీదే పడుతుంది. వెనక చక్రాలకు పవర్ కలిపే ఐదో తరం హాల్డెక్స్ కప్లింగ్‌లో పంపు చివర ఉండే చిన్న జాలీ, క్లచ్ ప్లేట్లు అరిగి వచ్చే పొడితో మూసుకుపోతుంది. మూడేళ్లకోసారి నూనె మార్చేటప్పుడు పంపు విప్పి దాన్ని కడగకపోతే మోటారు కాలిపోతుంది, డ్యాష్‌బోర్డులో లైటు కూడా వెలగకుండానే వెనక చక్రాలు లాగడం మానేసే బళ్లుంటాయి. గుంతలో ఒక టైరు పగిలిందని కొత్తది ఒక్కటే వేస్తే, చుట్టుకొలత తేడాకు కప్లింగ్ వేడెక్కుతుంది. టోయింగ్‌కి ముందు చక్రాలు ఎత్తి ఈడ్చుకెళ్లనివ్వకండి, బండి మొత్తాన్నీ పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ కావాలి.

ఇక మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52. ఆర్‌సీలోని కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మారిస్తే, 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. షాఫ్ట్ వేయించుకోమని చెప్పిన పేజీలోనే ఓ మూలన ఇది కూడా వేసి ఉండాల్సింది.

– ప్రాజెక్ట్ కార్ల మెకానిక్‌లు, హైదరాబాద్